ముందు పెద్దల్ని కూర్చోబెట్టాలి: బెంగళూరులో పిల్లల గుంపు నడిపిన అనుభవం

పిల్లల మనసు గురించి ఏదైనా చేద్దాం అని అపార్ట్‌మెంట్ వాట్సాప్ గ్రూపులో ఎవరైనా అంటే గంటలోపు మూడు సలహాలొస్తాయి: డ్రాయింగ్ పోటీ, యోగా క్లాసు, ఎవరో ఒక మోటివేషనల్ స్పీకరు. మూడింట్లోనూ పిల్లలే ఏదో చెయ్యాలి, పెద్దలు కుర్చీల్లో కూర్చుని వీడియో తీసుకోవాలి. కె.ఆర్.పురం, హూడి, వైట్‌ఫీల్డ్ వైపు తెలుగు కుటుంబాల పిల్లలతో మేం నడిపే శనివారం గుంపు దీనికి తలకిందులుగా మొదలవుతుంది. వారానికి 168 గంటలు. అందులో పిల్లలు మా దగ్గర గడిపేది గంటంపావు. మిగతాదంతా ఇంటిదీ బడిదీ. ఆ గంటంపావులో ఎంత మంచి ఆట ఆడించినా, ఇంటికెళ్ళాక వినబడే మాటలు మారకపోతే సోమవారానికి ఏమీ మిగలదు. అందుకే మా పనిలో సగానికి పైగా పెద్దలతోనే.

మా దగ్గరికి రెండు రకాల ఇళ్ళ నుంచి పిల్లలొస్తారు. ఒకటి, అమ్మానాన్నలిద్దరూ ఐటీలో ఉండి, ఆర్నెల్లు అమ్మమ్మ వాళ్ళు, ఆర్నెల్లు నాన్నమ్మ వాళ్ళు వచ్చి చూసుకునే ఫ్లాట్లు. రెండోది, అనంతపురం, కర్నూలు, రాయచూరు వైపు నుంచి బిల్డింగు పనులకొచ్చి రేకుల షెడ్లలో ఉండే కుటుంబాలు. ఫ్లాట్లో పిల్లాడి చుట్టూ ట్యాబ్, ట్యూషను, అబాకస్. షెడ్డులో తొమ్మిదేళ్ళ అక్క చంకలో రెండేళ్ళ తమ్ముడు. సాయంత్రం 4 నుంచి 8 దాకా ఎలా గడుస్తుందన్నదే ఇద్దరికీ కీలకం. కానీ ఒకళ్ళకి చెప్పిన ఉపాయం ఇంకొకళ్ళకి పనికిరాదు. ఇది ముందే అనుకుని దిగితే చాలా తలనొప్పి తప్పుతుంది.

పెద్దల సమావేశాలు

పిల్లలు రాకముందే పెద్దలతో రెండు సమావేశాలు పెడతాం, ఒక్కోటి 40 నిమిషాలు. ‘పేరెంట్స్ మీటింగ్’ అని మెసేజ్ పెడితే అమ్మలు మాత్రమే వస్తారు. ‘సాయంత్రం పిల్లల్ని చూసుకునేవాళ్ళు ఎవరైతే వాళ్ళు రండి’ అని పెడితే అమ్మమ్మలు, తాతగార్లు, ఇంట్లో పని చేసే ఆవిడ, షెడ్ల నుంచి పెద్దక్కలు కూడా వస్తారు. మనకి కావలసింది వాళ్ళే. నాన్నలు వస్తే వెనక నిలబడి ఫోన్ చూసుకుంటారు. వాళ్ళకి ఉపన్యాసం ఎక్కదు, పని అప్పగిస్తే ఎక్కుతుంది. ఏ శనివారం ఎవరు ఆట నడపాలో తేదీ వేసి పేరుతో రాసిచ్చేస్తే, వంకలు చెప్పేవాళ్ళు కూడా ఆ రోజుకి వచ్చి నిలబడతారు.

మొదటి సమావేశంలో ఒక్కటే పని. పాత క్యాలెండరు కాగితాల్ని చీటీలుగా కోసి ఒక్కొక్కరికి పదేసి ఇస్తాం. నిన్న పొద్దుట్నుంచి రాత్రి దాకా పిల్లలతో అన్న మాటలు, గుర్తున్నంత వరకు, చీటీకొకటి రాయమంటాం. రాశాక వాటిని మూడు కుప్పలు చెయ్యాలి. ‘లే’, ‘బ్రష్ చెయ్’, ‘పాలు తాగు’, ‘హోంవర్కు అయిందా’ లాంటివి ఒక కుప్ప. ‘ఎన్నిసార్లు చెప్పాలి నీకు’, ‘మీ పెద్దమ్మ కూతుర్ని చూసి నేర్చుకో’ లాంటివి రెండోది. ఏ అవసరం లేకుండా ఊరికే చెప్పుకున్న కబురు మూడోది. ఈ మూడో కుప్ప ఫ్లాట్లలోనూ షెడ్లలోనూ పలచగానే ఉంటుంది. చదవడం రాయడం రానివాళ్ళకి చీటీల బదులు చింతగింజలు ఇస్తాం, మాటకొక గింజ. ఎవరి కుప్పలు వాళ్ళే చూసుకుంటారు, పక్కవాళ్ళకి చూపించక్కర్లేదు. ‘పిల్లలతో మాట్లాడండి’ అని గంటసేపు చెప్పినా రాని కదలిక ఇందులో వస్తుంది.

రెండో సమావేశంలో మేం చేసేవీ చెయ్యనివీ తేల్చేస్తాం. మార్కులు పెంచం. జబ్బుకి పేరు పెట్టం. పిల్లలు చెప్పిన ప్రతి మాటా ఇంటికి చేరవెయ్యం. ఈ మూడోదాని దగ్గర గొడవ మొదలవుతుంది. ‘మా పిల్ల ఏం చెప్పిందో మాకు తెలియకపోతే ఎలా?’ అంటారు. జవాబు సూటిగా ఉండాలి: పిల్లకి ఎవరివల్లైనా హాని జరుగుతున్నా, తనకి తను హాని చేసుకునేలా ఉన్నా, ఇంకొకరికి హాని చేసేలా ఉన్నా అది మా దగ్గర దాగదు. తక్కినవి పిల్లవి. ఇదే మాట మొదటి రోజు పిల్లలకీ వాళ్ళ భాషలో చెప్తాం. ఒప్పుకోని కుటుంబాన్ని బతిమాలకూడదు. సగం మనసుతో పంపినవాళ్ళు ఇంటికెళ్ళాక పిల్లని గుచ్చి గుచ్చి అడుగుతారు, రెండో వారానికి ఆ పిల్ల నోరు మూసుకుంటుంది.

అంగీకార పత్రం ఒక్క పేజీ చాలు: పిల్లల వయసు, ఇంట్లో ఎవరెవరు ఉంటారు, తిండి పడకపోవడాలు (వేరుశెనగ పడని పిల్లలున్నారు), తీసుకెళ్ళడానికి వచ్చే ఇద్దరి పేర్లు, ఫోన్లు. వేలిముద్ర వేసే ఇంట్లో పత్రాన్ని పైకి చదివి వినిపించాకే వేయించాలి.

చోటు, కాపలా

క్లబ్‌హౌస్‌లో ఫ్యాన్లు, మ్యాట్లు, టాయిలెట్టు అన్నీ ఉంటాయి. కానీ షెడ్డు పిల్లల్ని గేటు దగ్గర ఆపుతారు. ఒక్కొక్కరికీ విజిటర్ ఎంట్రీ, ఏ ఫ్లాటుకి అన్న ప్రశ్న, ఫోటో. లోపల ఎంత ప్రేమగా మాట్లాడినా ఆ పిల్ల ఆ రోజు నేర్చుకున్న పాఠం గేటు దగ్గరే అయిపోతుంది. అసోసియేషన్‌తో వాదించి గెలిచినా వాచ్‌మన్ మారినప్పుడల్లా మళ్ళీ మొదటికొస్తుంది. కాబట్టి రెండు రకాల పిల్లలకీ సొంతం కాని, రెండు రకాల పిల్లలూ నడిచి రాగలిగిన చోటు వెతకాలి. ప్రభుత్వ బడిలో శనివారం మధ్యాహ్నానికే వదులుతారు, గదులు ఖాళీ. హెడ్మాస్టరుకీ, బడి ఎస్‌డిఎంసీ (బడి అభివృద్ధి, పర్యవేక్షణ కమిటీ) అధ్యక్షులకీ కన్నడలో రాసిన ఉత్తరం ఇవ్వాలి: ఏ గది, ఏ వేళ, ఎవరి బాధ్యత, ఊడ్చి తాళం వేసేది ఎవరు. టాయిలెట్ తాళం ఎవరి దగ్గరుంటుందో ముందే కనుక్కోవాలి. గది ఇచ్చి టాయిలెట్ తాళం ఇవ్వకపోతే ఆడపిల్లలు మూడో వారం నుంచి రారు, ఎందుకు రావట్లేదో చెప్పరు. గుడి హాలు కూడా బాగానే ఉంటుంది గానీ అన్ని మతాల పిల్లలూ ఉంటే అది కుదరదు. పార్కు అని చాలామంది అంటారు. మే నెలలోనూ, సెప్టెంబరు, అక్టోబరుల్లోనూ బెంగళూరు సాయంత్రాల్లో పార్కుని నమ్ముకుంటే వర్షం వచ్చిన ప్రతిసారీ కార్యక్రమం రద్దు. పిల్లలకి ముఖ్యమైనది ఆటకన్నా ‘శనివారం 5 గంటలకి తప్పకుండా ఉంటుంది’ అన్న నమ్మకం.

కాపలా విషయంలో మొహమాటం ఉండకూడదు. ఏ పిల్లతోనూ ఏ పెద్దా ఒంటరిగా ఉండకూడదు, ఎప్పుడూ ఇద్దరు. తలుపు తెరిచే ఉండాలి. కొత్తగా చేరేవాళ్ళ గురించి తెలిసినవాళ్ళు ఇద్దరితో మాట్లాడాలి, పోలీస్ వెరిఫికేషన్ తెచ్చుకోమనాలి. కర్ణాటకలో సేవా సింధు పోర్టల్లో దరఖాస్తు పెట్టుకోవచ్చు. ‘మన తెలుగువాళ్ళే కదా, మంచి కుటుంబం’ అన్నది వెరిఫికేషన్ కాదు. ఫోటోలు తియ్యం. అసోసియేషన్ పేజీకి పెట్టుకుంటామని అడుగుతారు, స్పాన్సర్లు అడుగుతారు; మట్టి బొమ్మల్నీ ముగ్గుల్నీ ఫోటో తీసి ఇస్తాం, మొహాలు కాదు. ఇంటికి పంపేటప్పుడు పత్రంలో పేరున్న పెద్దలకే అప్పగించాలి. షెడ్డు పిల్లలైతే అందర్నీ కలిపి ఇద్దరు పెద్దలు నడిపించి దింపాలి.

గంటంపావు

గుంపుకి 12 మంది మించకూడదు, ఇద్దరు పెద్దలుండాలి. 6 నుంచి 9 ఏళ్ళ వాళ్ళు ఒక గుంపు, 10 నుంచి 13 వాళ్ళు ఇంకొకటి. అక్కచెల్లెళ్ళనీ అన్నదమ్ముల్నీ వీలైతే వేరు చెయ్యాలి, లేకపోతే ఒకళ్ళ మాట ఇంకొకళ్ళు ఇంట్లో చెప్పేస్తారు. చంకలో తమ్ముణ్ణి ఎత్తుకొచ్చే పిల్లలకి మాత్రం ఇది వర్తించదు. ‘తమ్ముణ్ణి వదిలి రా’ అంటే వాళ్ళు రాలేరు. మూల ఒక చాప, నాలుగు గిన్నెలు, కొన్ని మూతలు, చిన్నపిల్లల కోసమే ఒక మనిషి. ఆ తొమ్మిదేళ్ళ పిల్లకి వారంలో చేతులు ఖాళీగా ఉండేది ఆ కాసేపే.

సామాను పెద్దగా అక్కర్లేదు: చాపలు, సుద్దముక్కలు, గవ్వలు, మెత్తటి బంతి ఒకటి, తెల్లకాగితాలు, క్రేయాన్లు, అట్టముక్కల మీద రాసిన 24 కార్డులు. కార్డుల మీద పన్నెండు మాటలు, ఒక్కోటీ రెండేసి: సంతోషం, దిగులు, కోపం, ఉక్రోషం, భయం, బెంగ, సిగ్గు, అసూయ, విసుగు, గర్వం, హాయి, అయోమయం. చదవలేని పిల్లల కోసం ప్రతి కార్డు మీదా మొహం బొమ్మ.

మొదటి పావుగంట ఒళ్ళు కదిలే ఆట, ఏడు పెంకులో కుంటాటో. వారమంతా బెంచీల మీద, బస్సుల్లో కూర్చుని వచ్చిన పిల్లల్ని వచ్చీ రాగానే ‘ఎలా ఉన్నావ్, ఏమనిపిస్తోంది’ అని అడిగితే ఏమీ రాదు. ఊపిరి ఎగసి, నవ్వి, కాస్త చెమట పట్టాక గుండ్రంగా కూర్చుంటారు. బంతి ఎవరి చేతిలో ఉంటే వాళ్ళు ఒక కార్డు తీసుకుని మాట్లాడొచ్చు, లేదా ‘పాస్’ అని బంతి ఇచ్చెయ్యొచ్చు. ‘పాస్’ అన్నవాళ్ళని రెండోసారి అడక్కూడదు. కొందరు వారాల తరబడి ‘పాస్’ అంటూనే ఉంటారు, అంతా వింటూనే ఉంటారు. వాళ్ళు గుంపుకి దూరంగా ఉన్నట్టు కాదు.

పెద్దలు అడగాల్సిన ప్రశ్నలు మూడే: ఎప్పుడు అలా అనిపించింది, ఎక్కడున్నావ్ అప్పుడు, ఒంట్లో ఎక్కడ తెలిసింది. ‘ఎందుకు’ అని అడక్కూడదు. తప్పు చేసినప్పుడే ఇంట్లోనూ బడిలోనూ ఆ ప్రశ్న వింటారు కాబట్టి పిల్లలు దానికి ‘తెలీదు’ అనే చెప్తారు. ఒంట్లో ఎక్కడ అంటే మాత్రం టకటకా చెప్తారు: గొంతులో, కడుపులో, చెవులు వేడెక్కాయి అని.

ఇక్కడ చెడగొట్టేది ఎప్పుడూ పెద్దలే. పిల్లాడు నోరు తెరవగానే సలహా ఇచ్చేస్తారు, లేకపోతే ‘అయ్యో, దానికెందుకు ఏడుపు’ అంటారు. కొత్తగా వచ్చేవాళ్ళని మొదటి నెల మాట్లాడనివ్వకుండా కూర్చోబెట్టడం తప్ప దీనికి మందు లేదు. ఇంకో చిక్కు భాషది. ఫ్లాట్ల పిల్లలు రెండో వాక్యానికే ఇంగ్లీషులోకి వెళ్ళిపోతారు, ఆ క్షణం నుంచి షెడ్డు పిల్లలు మౌనం. గుంపులో ఉన్నంతసేపూ తెలుగే అన్న నియమం పెడితే బలం తారుమారవుతుంది. అనంతపురం పిల్ల గడగడా మాట్లాడుతుంటే ఇంటర్నేషనల్ స్కూలు పిల్లాడు మాటలు వెతుక్కుంటాడు. ఇద్దరికీ మంచిదే. కన్నడలోనే తేలిగ్గా మాట్లాడే పిల్లలు కొందరుంటారు, వాళ్ళ కోసం కన్నడ బాగా వచ్చిన పెద్దలొకరు ఉండాలి.

తర్వాత కూర్చుని ఆడే ఆట. మా అనుభవంలో అష్టాచెమ్మాని మించింది లేదు. 25 గడులు సుద్దతో నేలమీద గీస్తే చాలు, నాలుగు గవ్వలు, నలుగురు పిల్లలు. 12 మందికి మూడు పటాలు. తలా నాలుగు కాయలతో ఆడితే తెమలదు, రెండేసి కాయలతో ఆడిస్తే 15, 20 నిమిషాల్లో అయిపోతుంది. నడిమింటికి ఒక్క గడి దూరంలో కాయ చచ్చినప్పుడు పిల్లల మొహాలు చూడాలి! మనకి కావలసింది ఆ క్షణమే. ‘పోన్లే, ఆటే కదా’ అనకూడదు. ‘ఆఖరి గడి దాకా వచ్చి పోయింది. ఉక్రోషంగా ఉంది కదూ’ అని ఊరుకోవాలి. ఓడిపోయి, కాసేపు మండిపడి, మళ్ళీ గవ్వలు చేతిలోకి తీసుకోవడం వారం వారం జరిగితే అది అలవాటవుతుంది. పటాన్ని తన్ని లేచిపోయే పిల్లాణ్ణి బయటికి పంపకుండా, పక్కన కూర్చుని తర్వాతి ఆటకి గవ్వలు ఏరమనాలి.

చివర్లో చాపల మీద వెల్లకిలా పడుకోబెట్టి, పొట్ట మీద ఒక ప్లాస్టిక్ మూత పెట్టి, నాలుగు లెక్కపెట్టేంతసేపు ఊపిరి పీల్చి ఆరు లెక్కపెట్టేంతసేపు వదలమంటాం. మూత లేస్తుంది, దిగుతుంది. ఐదు సార్లు చాలు. ఇది నెమ్మదిగా ఉన్నప్పుడే నేర్పాలి. మంచి కోపంలో ఉన్న పిల్లాడికి ‘ఊపిరి తీసుకో నాన్నా’ అంటే అదీ ఒక తిట్టులాగే వినబడుతుంది. తర్వాత అందరికీ ఒకే తిండి, అరటిపండో ఉడికించిన శెనగలో. పుట్టినరోజు కేకులు, రిటర్న్ గిఫ్టులు నిషేధం. ఒక్కసారి ఒప్పుకుంటే షెడ్డులో ఉండే అమ్మ మీద ఆ భారం పడుతుంది, లేదా ఆ పిల్ల తన పుట్టినరోజు దాచుకుంటుంది.

ఇంటికిచ్చే పని

ఒకసారికి ఒకటే ఇస్తాం. మొదటిది పది నిమిషాల ఆట. రోజూ ఒకే వేళకి, ఫోన్ వేరే గదిలో పెట్టి, పిల్ల ఏం ఆడదామంటే అది. పెద్దలు ప్రశ్నలు వెయ్యకూడదు, నేర్పకూడదు, సరిదిద్దకూడదు. చూసింది చెప్పాలి: ‘ఎర్ర దాని మీద నీలం పెట్టావ్’, ‘బండిని వెనక్కి తిప్పావ్’. వినడానికి సులువు, చెయ్యడానికి కష్టం. రెండో నిమిషంలోనే ‘ఇదే రంగు? ఇంగ్లీషులో ఏమంటారు?’ అని పరీక్ష మొదలవుతుంది. పిల్ల బొమ్మలు వదిలేసి లేచిపోతుంది, ‘దానికి నాతో ఆడటం ఇష్టం లేదండీ’ అంటారు. పరీక్ష లేకుండా మూడు నాలుగు రోజులు నడిపితే పిల్లే టైముకి వచ్చి చెయ్యి పట్టుకు లాగుతుంది. రాత్రి 9 గంటలకి అమెరికా కాల్స్ ఉండే నాన్నలకి ఇది పొద్దున స్కూలు బస్సు కోసం నిలబడ్డప్పుడు కుదురుతుంది. పొద్దున 8కి పనికి వెళ్ళి రాత్రి 7కి వచ్చే తల్లికి వేరే పది నిమిషాలు లేవు. ఆమెకి చెప్పేది వేరు: జడ వేసేటప్పుడో స్నానం చేయించేటప్పుడో పని చెప్పడం ఆపి పిల్ల చెప్పేది వినడం.

రెండోది ఫోన్. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019 సూచనల ప్రకారం రెండేళ్ళ లోపు పిల్లలకి స్క్రీను వద్దు, 2 నుంచి 4 ఏళ్ళ వాళ్ళకి రోజుకి గంట మించొద్దు. ఈ అంకెలు అందరికీ తెలుసు. అన్నం తినిపించేటప్పుడు ఫోన్ మానేసిన ఇల్లు నాలుగో రోజుకే చేతులెత్తేస్తుంది, ఎందుకంటే ఏడుపు తగ్గకపోగా పెరుగుతుంది. ఇది ముందే చెప్పాలి: ఎప్పుడూ పనిచేసే ఏడుపు ఒక్కసారిగా పనిచెయ్యకపోతే పిల్లలు దాన్ని ఇంకా పెంచి చూస్తారు. ఆ శిఖరం దగ్గర ఫోన్ ఇచ్చేస్తే ‘ఇంతసేపు ఏడిస్తే వస్తుంది’ అని నేర్పినట్టే. అందుకే పండగ ముందో, ఊరెళ్ళే ముందో, చుట్టాలు ఇంట్లో ఉన్నప్పుడో మొదలుపెట్టకూడదు. ఇంట్లో పెద్దలందరూ ఒప్పుకునే దాకా ఆగాలి. తాతగారు వంటింట్లోకి తీసుకెళ్ళి చాటుగా చూపిస్తే మొత్తం పోతుంది.

అమ్మమ్మా తాతయ్యల రాకపోకల గురించి ఎవరూ ఆలోచించరు గానీ, బెంగళూరు ఫ్లాట్లలో చాలా మంది పిల్లల దిగులు అక్కడే ఉంటుంది. ఆర్నెల్లు ఒళ్ళో పడుకోబెట్టుకున్న మనిషి ఒక రాత్రి బస్సుకి వెళ్ళిపోతుంది. పిల్ల ఏడుస్తుందని నిద్రపోయాక బయల్దేరతారు. పొద్దున లేచేసరికి మంచం ఖాళీ. తర్వాత నెలంతా ఆ పిల్ల రాత్రుళ్ళు లేచి అమ్మ ఉందో లేదో తడుముకుంటుంది, స్కూలు గేటు దగ్గర చెయ్యి వదలదు. ఇలాంటి ఇంట్లో ‘అల్లరి చేస్తే వదిలేసి ఊరెళ్ళిపోతా’ అన్న సరదా బెదిరింపు సరదాగా ఉండదు. చెయ్యవలసింది చిన్నదే: వారం ముందే చెప్పడం, క్యాలెండరులో రోజూ ఒక గడి కొట్టించడం, పిల్ల మెలకువగా ఉండగా, ఏడ్చినా సరే, చెప్పి బయల్దేరడం, ఆ తర్వాత రోజూ ఒకే వేళకి వీడియో కాల్.

బయటి సాయం

మొదటి శనివారానికి ముందే ఈ ఏర్పాటు ఉండాలి. 2015-16 జాతీయ మానసిక ఆరోగ్య సర్వే ప్రకారం 13 నుంచి 17 ఏళ్ళ వాళ్ళలో 7.3 శాతం మందికి ఏదో ఒక మానసిక సమస్య ఉంది, మహానగరాల్లో ఇంకా ఎక్కువ. అంటే ఇద్దరు ముగ్గురు పెద్దలు నడిపే చిన్న గుంపులో కూడా వైద్య సాయం అవసరమైన పిల్ల ఉండే అవకాశం బాగానే ఉంది. మేం కౌన్సెలర్లం కాదు. గమనించి, రాసి, చెయ్యి పట్టుకుని తీసుకెళ్ళడం వరకే మా పని.

రెండు వారాలు దాటి నిద్ర, తిండి, ఆట, చదువుల్లో ఒకటి కంటే ఎక్కువ చెదిరితే ఇంటివాళ్ళతో మాట్లాడతాం. స్కూలున్న రోజు పొద్దున మాత్రమే వచ్చే కడుపునొప్పి, మానేసిన పక్క తడపడం మళ్ళీ మొదలవడం, ఇష్టమైన స్నేహితుల్ని తప్పించుకోవడం మామూలు సూచనలు. చచ్చిపోతాననడం, ఒంటి మీద కోసుకున్న గీతలు కనబడితే రెండు వారాల లెక్క లేదు, ఆ రోజే. ‘బెదిరిస్తున్నాడంతే’ అని తేల్చే అర్హత ఇంట్లో ఎవరికీ లేదు. బలాలు, ఇబ్బందుల ప్రశ్నావళి ఎస్‌డీక్యూలో 25 ప్రశ్నలుంటాయి, ఐదు విభాగాలు. అది జల్లెడ మాత్రమే, దాన్ని తెలిసినవాళ్ళే వాడాలి. దాన్ని వాట్సాప్‌లో పెట్టి ‘మీ పిల్లల స్కోరు చూసుకోండి’ అనడం కన్నా చెడ్డ పని లేదు.

ముందు పిల్లల డాక్టరు. ‘చెప్తే వినడు’ అన్న పిల్లాడికి చెవి సరిగా వినబడకపోవచ్చు, ‘చదువు మీద ధ్యాస లేదు’ అన్న పిల్లకి కళ్ళజోడు కావలసి ఉండొచ్చు. షెడ్డు పిల్లలు అంగన్‌వాడీకో ప్రభుత్వ బడికో వెళ్తుంటే 2013లో మొదలైన రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం కింద 18 ఏళ్ళ దాకా ఉచిత పరీక్షలున్నాయి. బడిలో పేరే లేకపోతే ముందు ఆ పేరు ఎక్కించడమే చికిత్సలో మొదటి మెట్టు.

తర్వాత హోసూరు రోడ్డులోని నిమ్‌హాన్స్. 1954లో ఏర్పడిన మానసిక ఆరోగ్య సంస్థా, అంతకు ముందునుంచీ ఉన్న మెంటల్ హాస్పిటలూ 1974లో కలిసి అదయింది. కాబట్టి పాత బెంగళూరువాళ్ళ నోట అది ఇంకా మెంటల్ ఆస్పత్రే, మన నాన్నమ్మలకి ఎర్రగడ్డ గుర్తొస్తుంది. వాళ్ళతో వాదించకూడదు. ‘నిద్ర పట్టట్లేదు కదా, దానికి చూపిద్దాం. పిల్లలకి వేరే విభాగం ఉంది’ అంటే చాలు. మొదటి రోజు చాలాసేపు పడుతుందని, వివరాలన్నీ ఒక డాక్టరు అడిగాక ఇంకొకరు చూస్తారని, మళ్ళీ రమ్మంటారని ముందే చెప్పి సెలవు పెట్టించాలి. తల్లిదండ్రులిద్దరూ వెళ్ళాలి. పిల్ల నోటు పుస్తకాలు, మార్కుల కార్డులు, రెండు వారాల నిద్ర వివరాలు, పాత మందుల చీటీలు ఒక సంచిలో పెట్టుకోవాలి. ఆస్పత్రి అంటే బొత్తిగా ఒప్పుకోనివాళ్ళకి బి.టి.ఎం. లేఅవుట్‌లో నిమ్‌హాన్స్ వారిదే సెంటర్ ఫర్ వెల్‌బీయింగ్ ఉంది. ఫోన్లోనే ముందు మాట్లాడాలంటే ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ-మానస్ 14416, ఉచితం, రాత్రీ పగలూ, తెలుగు ఎంచుకోవచ్చు. 2022 అక్టోబరు 10న మొదలైంది. అమ్మమ్మల ఫోన్లలో ఈ నంబరు మేమే సేవ్ చేసి పెడతాం.

పిల్ల తన మీద జరిగిన లైంగిక హింస చెప్పిన రోజు వేరు. ‘ఎవరికీ చెప్పను’ అని మాట ఇవ్వకూడదు. ‘చెప్పి మంచి పని చేశావ్. నీ తప్పు కాదు. నిన్ను కాపాడటానికి కొందరికి చెప్పాలి’ అని ఊరుకోవాలి. తవ్వి తవ్వి అడగకూడదు. అడిగితే పిల్ల జవాబులు మన ప్రశ్నల ఆకారంలోకి మారతాయి, తర్వాత కేసులో అదే అడ్డం వస్తుంది. పిల్ల అన్న మాటలు ఉన్నవి ఉన్నట్టు, తేదీ, వేళతో రాసి పెట్టాలి. 2012 పోక్సో చట్టం 19వ సెక్షన్ ప్రకారం తెలిసినవాళ్ళెవరైనా పోలీసులకో ప్రత్యేక బాలల పోలీసు విభాగానికో చెప్పి తీరాలి. చెప్పకపోతే 21వ సెక్షన్ కింద ఆర్నెల్ల దాకా జైలో జరిమానానో, రెండూనో. పిల్లల హెల్ప్‌లైన్ 1098కి ఫోన్ చెయ్యొచ్చు. అసోసియేషన్ పెద్దలు, మేస్త్రీ, కులపెద్దలు కూర్చుని ‘పరువు’ పేరుతో తేల్చేసే ప్రయత్నం ఫ్లాట్లలోనూ షెడ్లలోనూ ఒకేలా జరుగుతుంది. ఆ కుర్చీల్లో మనం కూర్చోకూడదు.

బడితో సంబంధం తెగకుండా చూడాలి. కొట్టడం, అవమానించడం రెండింటినీ విద్యాహక్కు చట్టం 17వ సెక్షన్ నిషేధించింది. కానీ టీచరు దగ్గరికి చట్టం పట్టుకెళ్తే తలుపు మూసుకుంటుంది. ‘మధ్యాహ్నం తర్వాత వీడు ఎలా ఉంటున్నాడు?’ అన్న ప్రశ్నతో వెళ్తే టీచరే పది విషయాలు చెప్తారు.

సంక్రాంతికి, పీర్ల పండక్కి, ఉగాదికి షెడ్డు పిల్లలు రెండు మూడు వారాలు కనబడరు, పని మారితే ఇంకో సైటుకి వెళ్ళిపోతారు. రిజిస్టరులో పేరు కొట్టెయ్యం. తిరిగొచ్చిన రోజు ‘ఇన్నాళ్ళూ ఎక్కడికెళ్ళావ్’ అని అడగం, గుండ్రంలో చోటు జరుపుతాం. మార్చి పరీక్షలప్పుడు ఫ్లాట్ల పిల్లలు మానేస్తామంటారు. అరగంటకి కుదించైనా నడపాలి, ఆ నెలలోనే వాళ్ళకి ఎక్కువ అవసరం. ఏప్రిల్, మే సెలవుల్లో ఆపి జూన్ మొదటి శనివారం మళ్ళీ మొదలు. వాలంటీర్లు ఉద్యోగం మారి హైదరాబాదుకో అమెరికాకో వెళ్తుంటారు కాబట్టి ఒక ఫైలు ఉండాలి: అంగీకార పత్రాలు, ఎవరు ఎవర్ని తీసుకెళ్ళొచ్చు అన్న జాబితా, బడి తాళం ఎవరి దగ్గరుంది, డాక్టర్ల నంబర్లు. పిల్లలు చెప్పిన మాటలు మాత్రం ఆ ఫైలులో ఉండకూడదు. అవి వేరే కవరులో, ఇద్దరికి మాత్రమే తెలిసిన బీరువాలో.